2006లో ల్యాప్‌టాప్‌లోకి రెండో కోర్ ఎందుకు వచ్చింది? అప్పుడు వాడినవాళ్లు చెప్పండి

తెనాలి_తేజ · శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సెమినార్‌కి మల్టీకోర్ టాపిక్ ఇచ్చారు, అంటే ఒకే ప్రాసెసర్ చిప్‌లో ఒకటికి మించి కోర్లు (లెక్కలు చేసే భాగాలు) పెట్టడం. పుస్తకంలో "ఫ్రీక్వెన్సీ (గిగాహెర్ట్జ్‌లలో చెప్పే చిప్ క్లాక్ వేగం) ఇక పెంచలేక కోర్లు పెంచారు" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. డెస్క్‌టాప్ వరకు అది సరే, ల్యాప్‌టాప్ సంగతే నాకు అర్థం కావడం లేదు. ఒక్క కోర్ ఉన్నప్పుడే బ్యాటరీ రెండు మూడు గంటలకు మించి రాని రోజులవి. అందులో రెండో కోర్ పెడితే ఇంకా త్వరగా అయిపోవాలి కదా? అయినా 2006 జనవరిలో ల్యాప్‌టాప్‌ల కోసం రెండు కోర్ల చిప్ ఇంటెల్ కోర్ డ్యూయో వచ్చింది, కొత్త మోడళ్లన్నీ అటే మళ్లాయి. ఎందుకని? ఆ రోజుల్లో కొన్నవాళ్లు గానీ ఈ రంగంలో పనిచేసినవాళ్లు గానీ ఉంటే వివరంగా చెప్పండి. వాడేటప్పుడు తేడా నిజంగా తెలిసిందా?

మెహదీపట్నం_మధు · శనివారం, రాత్రి 9:40

తెలిసింది తమ్ముడూ, బాగా తెలిసింది. మా బావ అమెరికా నుంచి వస్తుంటే తెప్పించుకున్నాను. కోర్ డ్యూయో టీ2300, 1.66 గిగాహెర్ట్జ్, 512 ఎంబీ ర్యామ్. పాత సింగిల్ కోర్ మెషీన్‌లో యాంటీవైరస్ స్కాన్ మొదలైందంటే ఇక చెయ్యి కట్టేసుకుని కూర్చోవడమే. మౌస్ కదిలేది, విండో మాత్రం కదలదు. కొత్త దాంట్లో స్కాన్ నడుస్తుండగానే వర్డ్‌లో టైప్ చేసుకునేవాడిని. ఒక ప్రోగ్రాం హ్యాంగ్ అయి వంద శాతం సీపీయూ తినేస్తున్నా టాస్క్ మేనేజర్ వెంటనే తెరుచుకునేది. అందులో 50 శాతం అని చూపించేది, అంటే ఒక కోర్ మొత్తం ఇరుక్కుపోయిందన్నమాట. రెండోది ఖాళీగా ఉంది కాబట్టి మన పని ఆగేది కాదు.

వేగం పెరిగిందా అంటే అంతగా లేదు. ఆగిపోవడం తగ్గింది. నాకైతే అదే పెద్ద మార్పు.

సిలికాన్_గడప · శనివారం, రాత్రి 11:05

తేజా, నీ అనుమానం మంచిదే, కాకపోతే దాన్ని తలకిందులు చేసి చూడాలి. వేడి, బ్యాటరీ బాధలు ఉన్నా కూడా రెండో కోర్ వచ్చిందని నువ్వు అంటున్నావు. ఆ బాధల వల్లే వచ్చిందని నేనంటాను. చిప్ డిజైన్‌లో పనిచేసేవాడిగా నాకు ఈ కథ చాలా ఇష్టం, కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు లెక్క. ట్రాన్సిస్టర్లు ఆన్ ఆఫ్ అవడానికి పట్టే పవర్ మూడింటి మీద ఆధారపడుతుంది: కెపాసిటెన్స్ (ఛార్జ్ నిలిపే సామర్థ్యం), వోల్టేజ్ వర్గం, ఫ్రీక్వెన్సీ. ఈ మూడింటినీ గుణించాలి. ఫ్రీక్వెన్సీ పెంచాలంటే సాధారణంగా వోల్టేజ్ కూడా పెంచక తప్పదు, తగ్గిస్తే రెండూ తగ్గించుకోవచ్చు. రెండింటినీ 20 శాతం తగ్గించామనుకో. 0.8 ని మూడుసార్లు గుణిస్తే 0.512. అంటే ఆ కోర్ ఇంచుమించు సగం పవర్‌తో నడుస్తుంది. అలాంటివి రెండు పెడితే మొత్తం 1.024, పాత ఒక్క కోర్ తిన్నంతే. రెండు కోర్లకూ చేతినిండా పని ఉంటే జరిగే పని 1.6 రెట్లు. లీకేజీ కరెంటు (ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉన్నా కారిపోయే కరెంటు) లెక్క వేరే, దాన్ని ఇక్కడ కలపలేదు. కానీ అసలు కిటుకు ఇదే.

ఇప్పుడు కథ. 2004 ఫిబ్రవరిలో ఇంటెల్ 90 నానోమీటర్ల (చిప్ తయారీ కొలత, ఎంత తగ్గితే ట్రాన్సిస్టర్లు అంత చిన్నవి) పెంటియమ్ 4 తెచ్చింది, ప్రెస్కాట్ అని పేరు. ఆ డిజైన్ మొత్తం గిగాహెర్ట్జ్ పెంచుకుంటూ పోవడానికి చేసినదే. 3.8 గిగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి 115 వాట్లు. ఆ ఏడాది మే నెలలో దాని తర్వాత రావలసిన తేజస్ చిప్‌ని రద్దు చేశారు. అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 కూడా వద్దనుకున్నారు. డెస్క్‌టాప్‌లో పెద్ద ఫ్యాన్ పెట్టి నెట్టుకురావచ్చు, అంగుళం మందం ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆ వేడిని ఎక్కడికి పంపుతాం?

ఇదంతా జరుగుతుండగా ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఇంటెల్ టీమ్ ఒకటి వేరే దారిలో పోతోంది. వాళ్లు అంతకు ముందు చవక కంప్యూటర్ల కోసం టిమ్నా అనే చిప్ చేశారు, అది 2000లో రద్దయింది. తర్వాత ల్యాప్‌టాప్ కోసమే ఒక చిప్ డిజైన్ చేశారు. గిగాహెర్ట్జ్ తక్కువైనా ఒక్కో క్లాక్‌లో ఎక్కువ పని జరగాలి, పని లేని భాగం నిద్రపోవాలి, ఇదీ వాళ్ల పట్టుదల. అది 2003 మార్చిలో సెంట్రినో అనే ల్యాప్‌టాప్ బ్రాండ్‌తో పాటు పెంటియమ్ ఎం పేరుతో వచ్చింది, లోపలి పేరు బనియాస్. 2004లో డోథన్. ఆ వంశంలో మూడోది యోనా. అదే కోర్ డ్యూయో.

డోథన్ 90 నానోమీటర్లు, ఒక కోర్, 2 ఎంబీ క్యాష్ (చిప్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ), 14 కోట్ల ట్రాన్సిస్టర్లు. యోనా 65 నానోమీటర్లు, రెండు కోర్లు, అదే 2 ఎంబీ క్యాష్, 15.1 కోట్లు. తేడా చూడు, ఎంత తక్కువో! చిప్‌లో ఎక్కువ చోటు క్యాష్‌దే, కోర్ చాలా చిన్నది. 533 బస్ (చిప్ బయటితో మాట్లాడే డేటా దారి, 533 దాని వేగం) ఉన్న డోథన్‌కి గరిష్ఠ వేడి 27 వాట్లు, రెండు కోర్ల యోనాకి 31. ఆ నాలుగు వాట్ల తేడాతో రెండో కోర్ వచ్చేసింది. పెంటియమ్ 4 కోర్‌తో ల్యాప్‌టాప్‌లో ఇది జరిగే పనే కాదు.

ఏఎండీ_అభిమాని · ఆదివారం, ఉదయం 7:48

> "ఆ వంశంలో మూడోది యోనా"

సిలికాన్ గారూ, కథ బాగుంది గానీ సగమే చెప్పారు. ఒకే చిప్ మీద రెండు కోర్లు ఐబీఎం 2001లోనే పవర్4తో చేసింది. మనం వాడే పీసీల్లో డ్యూయల్ కోర్‌ని సరిగ్గా చేసింది ఇంటెల్ పోటీదారు ఏఎండీ. 2005 ఏప్రిల్‌లో సర్వర్ల కోసం ఆప్టెరాన్, మే 31న డెస్క్‌టాప్ కోసం అథ్లాన్ 64 ఎక్స్2. రెండు కోర్లూ చిప్ లోపలే మాట్లాడుకునేవి, మెమరీ కంట్రోలర్ కూడా అక్కడే. అదే సమయంలో వచ్చిన ఇంటెల్ పెంటియమ్ డీలో ఒక కోర్ రెండోదానితో మాట్లాడాలంటే బయట ఉన్న బస్ ఎక్కి రావాల్సిందే. 840 మోడల్ 130 వాట్లు.

ఇంకోటి. 2006 మేలో వచ్చిన ట్యూరియన్ 64 ఎక్స్2 ల్యాప్‌టాప్ చిప్పే, 64 బిట్ (ఒకేసారి 64 బిట్ల డేటా పట్టే రకం). మీరు ఇంత మెచ్చుకుంటున్న కోర్ డ్యూయో 32 బిట్ మాత్రమే. అప్పుడు ట్యూరియన్ కొన్నవాళ్ల మెషీన్లలో ఆ తర్వాత 64 బిట్ విండోస్ 7 ఎక్కింది, కోర్ డ్యూయో కొన్నవాళ్లు 32 బిట్ దగ్గరే ఆగిపోయారు.

స్కైప్ సంగతి కూడా రికార్డులో ఉండాలి. 2006 మొదట్లో స్కైప్ కొత్త వెర్షన్‌లో పదిమందితో కాన్ఫరెన్స్ కాల్ పెట్టారు, కానీ ఇంటెల్ డ్యూయల్ కోర్ ఉంటేనే. మిగతావాళ్లకు ఐదుగురే. ఏఎండీ డ్యూయల్ కోర్ ఉన్నా ఐదుగురే! అంతకు ముందు ఏడాదే ఇంటెల్ మీద వేసిన గుత్తాధిపత్య కేసులో భాగంగా ఏఎండీ స్కైప్‌కి సమన్లు ఇప్పించింది. ఆ పరిమితిని తీసేసే ప్యాచ్ కూడా నెట్‌లో త్వరలోనే వచ్చేసింది. పని చేయగల చిప్‌ని పేరు చూసి ఆపేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సిలికాన్_గడప · ఆదివారం, ఉదయం 9:20

అభిమాని గారూ, డెస్క్‌టాప్ విషయంలో మీ మాటకు పూర్తిగా ఒప్పుకుంటాను. 2005లో ఎక్స్2 ముందు పెంటియమ్ డీ నిలబడలేదు. 64 బిట్ సంగతి కూడా నిజమే. స్కైప్ చేసింది తప్పే.

కానీ తేజ అడిగింది ల్యాప్‌టాప్ గురించి. ఎక్స్2 కూడా 89 నుంచి 110 వాట్ల చిప్పే. దాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టి అమ్మినవాళ్లు ఉన్నారు, అవి ఒళ్లో పెట్టుకునేవి కావు, బల్ల మీద పెట్టుకునేవి. ట్యూరియన్ ఎక్స్2 వచ్చేసరికి ఏఎండీ ఇంకా 90 నానోమీటర్ల దగ్గరే ఉంది. ఒక్కో కోర్‌కి 256 లేదా 512 కేబీ క్యాష్, దేనిది దానికే. యోనాలో 2 ఎంబీ క్యాష్ రెండింటికీ ఉమ్మడి. ఒక కోర్ నిద్రపోతే రెండోది మొత్తం క్యాష్ వాడుకునేది. ల్యాప్‌టాప్‌లో ఎక్కువసేపు ఒక్క కోర్‌కే పని ఉంటుంది కాబట్టి ఈ ఉమ్మడి ఏర్పాటు బాగా పనికొచ్చింది. రెండు కోర్లూ విడివిడిగా నిద్రలోకి వెళ్లగలిగేవి కూడా.

తేజా, బ్యాటరీ గురించి నువ్వు అడిగినదానికి జవాబు ఇక్కడే ఉంది. 31 వాట్లు అనేది చిప్ ఒళ్లు వంచి పనిచేస్తున్నప్పటి లెక్క, కూలింగ్ డిజైన్ చేసేవాళ్ల కోసం చెప్పే అంకె. మనం చదువుకుంటూ, టైప్ చేసుకుంటూ ఉంటే చిప్ సగటున వాడేది అందులో చాలా కొద్ది భాగం. అలాంటప్పుడు బ్యాటరీని ఎక్కువ తినేది స్క్రీన్ వెనక వెలిగే ల్యాంప్, హార్డ్ డిస్క్, వైఫై.

కాకినాడ_స్టూడియో · ఆదివారం, మధ్యాహ్నం 1:30

మాది పెళ్లి వీడియోల పని. ఇక్కడ అందరూ చిప్ వైపు నుంచి మాట్లాడుతున్నారు, మా వైపు నుంచి కూడా వినండి.

అప్పట్లో మినీ డీవీ టేపుల మీద తీసేవాళ్లం. టేపు కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే అది ఎంతసేపు ఉంటే అంతసేపూ పడుతుంది. ఆ తర్వాత ఎడిటింగ్, టైటిల్స్, మిక్సింగ్ ఎఫెక్టులు, చివరికి డీవీడీ కోసం ఎంపెగ్2గా మార్చడం. ఈ చివరి పనికే రాత్రంతా పోయేది. రెండరింగ్ పెట్టి పడుకోవాలి, ఆ కంప్యూటర్‌ని ముట్టుకోకూడదు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. మా ఊళ్లో కరెంటు కోతలు ఎలా ఉండేవో అప్పటివాళ్లకు చెప్పక్కర్లేదు.

కోర్ డ్యూయో ల్యాప్‌టాప్ కొన్నాక రెండు మార్పులు వచ్చాయి. రెండరింగ్ టైము ఇంచుమించు సగానికి తగ్గింది. వీడియోని ముక్కలు చేసి రెండు కోర్లకూ పంచడం సులువు కాబట్టి మా సాఫ్ట్‌వేర్ దాన్ని బాగా వాడుకునేది. రెండోది ఇంకా ముఖ్యం, పని ఇల్లు కదిలింది. పెళ్లివారి ఇంటికే ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, పెళ్లికూతురి తల్లిదండ్రులను పక్కన కూర్చోబెట్టుకుని "ఈ షాట్ ఉంచాలా, తీసేయాలా" అని అడిగి అక్కడికక్కడే కట్ చేసేవాళ్లం. కరెంటు పోయినా బ్యాటరీ మీద పని ఆగేది కాదు. సింగిల్ కోర్ ల్యాప్‌టాప్‌లో ప్రివ్యూ తడబడేది, పెద్దవాళ్ల ముందు అలా ఆగి ఆగి చూపించలేం.

సీజన్‌లో ఒక్క పెళ్లి ఆల్బమ్ ఆలస్యమైతే తర్వాతి నాలుగు ఆలస్యమవుతాయి. ఆ టెన్షన్ తగ్గించింది ఈ చిప్పే. అందుకే నాకు దాని మీద ఇంత అభిమానం.

తెనాలి_తేజ · ఆదివారం, మధ్యాహ్నం 2:05

స్టూడియో గారూ, ఇది సెమినార్‌లో తప్పకుండా చెబుతాను, చాలా థ్యాంక్స్. మరి మామూలు సాఫ్ట్‌వేర్ సంగతేంటి? మీ రెండరింగ్ సగానికి తగ్గింది, మధు గారికేమో వేగం పెద్దగా పెరగలేదు. ఒకే చిప్ కదా?

కోడ్‌కూలీ · ఆదివారం, సాయంత్రం 6:15

దీనికి లెక్క 1967లోనే ఉంది. ఆమ్‌డాల్ సూత్రం. నీ పనిలో ఎంత భాగాన్ని పంచగలవన్నదాన్ని బట్టి లాభం. 80 శాతం పంచగలిగితే రెండు కోర్లతో 1.67 రెట్లు వేగం. సగమే పంచగలిగితే 1.33 రెట్లు. అసలు పంచలేకపోతే లాభం సున్నా. స్టూడియో గారి ఎన్‌కోడింగ్ మొదటి రకం. 2006లో మనం రాసే ప్రోగ్రాముల్లో చాలావరకు మూడో రకం. ఒకే థ్రెడ్‌లో (వరుసగా నడిచే ఒకే పనిగా) మొదటి లైను నుంచి చివరి లైను దాకా నడిచేవి.

అప్పటిదాకా ప్రోగ్రామర్లకు ఒక అలవాటు ఉండేది. కోడ్ నెమ్మదిగా ఉందా, ఫర్వాలేదు, వచ్చే ఏడాది ప్రాసెసర్ దాన్ని వేగంగా నడిపిస్తుంది. రెండో కోర్ ఆ ధీమాను తీసేసింది. కోర్లు పెరుగుతాయి, నీ కోడ్ మాత్రం నువ్వు మార్చితేనే వేగం పుంజుకుంటుంది.

కష్టం అంతటితో ఆగలేదు. అప్పుడు నేను పనిచేసే చోట మా ప్రోగ్రాం ఒకటి క్లయింట్ దగ్గర రెండేళ్లుగా ఏ గొడవా లేకుండా నడుస్తోంది. టీమ్‌లో కొందరికి కొత్త డ్యూయల్ కోర్ ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. వాళ్ల మెషీన్లలో మాత్రం లెక్కలు తప్పు రావడం మొదలైంది, అదీ ఎప్పుడో ఒకసారి. రెండు థ్రెడ్‌లు ఒకే కౌంటర్‌ని లాక్ (ఒకటి వాడుతుంటే రెండోదాన్ని ఆపే ఏర్పాటు) లేకుండా పెంచుతున్నాయి. ఒక థ్రెడ్ పాత విలువ చదివి, ఒకటి కలిపి, తిరిగి రాసేలోపు రెండోది కూడా అదే పాత విలువ చదివేస్తే ఒక పెంపు మాయమవుతుంది. సింగిల్ కోర్‌లో సరిగ్గా ఆ క్షణంలో థ్రెడ్ మారడం చాలా అరుదు. రెండు కోర్లు నిజంగా ఒకేసారి నడుస్తుంటే అది రోజూ జరిగే సంగతి. తప్పు మొదటి నుంచీ కోడ్‌లోనే ఉంది, అప్పటిదాకా దాన్ని బయటపెట్టే యంత్రం మన దగ్గర లేదు. లాక్‌లు, అటామిక్ ఆపరేషన్లు (మధ్యలో ఎవరూ దూరలేని పనులు) శ్రద్ధగా నేర్చుకున్నది ఆ తర్వాతే. తేజా, సెమినార్‌లో ఈ చిన్న కౌంటర్ ప్రోగ్రాం రాసి చూపించు. పది స్లైడ్ల కంటే ఎక్కువ అర్థమవుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ వైపు ఒక సందేహం అందరికీ ఉండేది. విండోస్ ఎక్స్‌పీ హోమ్ ఒక్క ప్రాసెసర్‌నే ఒప్పుకుంటుంది కదా, రెండో కోర్ వృథాయేనా అని. కోర్లను కాదు, ప్రాసెసర్లనే లెక్కపెడతామని మైక్రోసాఫ్ట్ 2004 అక్టోబరులోనే ప్రకటించింది. కాబట్టి హోమ్ ఎడిషన్‌లోనూ రెండు కోర్లూ పనిచేశాయి. ఫెడోరా కోర్ లాంటి లైనక్స్‌లలో మాత్రం ఎస్ఎంపీ కెర్నల్ (ఒకటికి మించి కోర్లను నడిపే సిస్టమ్ మూలభాగం) వేరేగా ఉండేది. అది వేసుకోకపోతే రెండో కోర్ కనిపించేదే కాదు.

మ్యాక్‌మిత్ర_న్యూజెర్సీ · ఆదివారం, రాత్రి 10:30

మ్యాక్ వాళ్ల కథ కూడా ఇందులో కలపాలి. ల్యాప్‌టాప్ వల్లే యాపిల్ తన ప్రాసెసర్ మొత్తం మార్చుకుంది మరి.

2003 జూన్‌లో స్టీవ్ జాబ్స్ ఏడాదిలోగా 3 గిగాహెర్ట్జ్ జీ5 (అప్పటి మ్యాక్‌లలోని పవర్‌పీసీ చిప్) మ్యాక్ ఇస్తామని వేదిక మీద మాట ఇచ్చారు. అది రాలేదు. అంతకంటే పెద్ద బాధ, జీ5 ల్యాప్‌టాప్ అసలే రాలేదు. ఆ చిప్ వేడికి యాపిల్ ల్యాప్‌టాప్ పవర్‌బుక్ తట్టుకోదు. మేమంతా అంతకు ముందు తరం జీ4 పవర్‌బుక్‌తోనే, 1.67 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయి ఉన్నాం. 2005 జూన్ 6న ఇంటెల్‌కు మారుతున్నామని ప్రకటించినప్పుడు జాబ్స్ చూపించిన ముఖ్య కారణం ఒక్కో వాట్‌కు ఎంత పని జరుగుతుంది అన్నదే. సిలికాన్ గారు చెప్పిన లెక్క ఇదేగా.

2006 జనవరి 10న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన మ్యాక్‌వరల్డ్‌లో ఇంటెల్ సీఈఓ పాల్ ఒటెలిని చిప్ ఫ్యాక్టరీల్లో వేసుకునే తెల్ల సూట్‌లో వేదిక మీదికి వచ్చి జాబ్స్ చేతికి సిలికాన్ వేఫర్ (చిప్‌లు తయారుచేసే పలుచటి బిళ్ల) ఇచ్చారు. ఆ రోజు ప్రకటించిన మ్యాక్‌బుక్ ప్రో ధర 1,999 డాలర్ల నుంచి మొదలు. డాలర్ 45 రూపాయల చొప్పున వేసుకున్నా 90 వేలు. ఫిబ్రవరిలో మెషీన్లు చేతికొచ్చేసరికి ముందు చెప్పిన స్పీడ్ కంటే కాస్త పెంచి ఇచ్చారు, ధర పెంచలేదు. మేలో 1,099 డాలర్లకు తెల్ల మ్యాక్‌బుక్ వచ్చింది, విద్యార్థులు దాన్నే కొన్నారు.

ఇబ్బంది ఎక్కడంటే పాత పవర్‌పీసీ ప్రోగ్రాములు రోసెట్టా అనే అనువాద పొర మీద నడిచేవి. ఫొటోషాప్ ఇంటెల్ వెర్షన్ 2007లో సీఎస్3 వచ్చేదాకా లేదు. ఫొటోషాప్ మీద బతికేవాళ్లకు ఆ ఏడాది పైచిలుకు కాలం రెండు కోర్లు ఉండి కూడా నిదానమే.

మెహదీపట్నం_మధు · సోమవారం, ఉదయం 8:10

బ్యాటరీ విషయంలో ఒకటి మర్చిపోయారు. 2006 మొదట్లో కోర్ డ్యూయో ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ త్వరగా అయిపోతోందని సమీక్షకులు రాశారు. రెండో కోర్ వల్లే అని అందరం అనుకున్నాం. తీరా చూస్తే కారణం వేరు. విండోస్ ఎక్స్‌పీ ఎస్‌పీ2లో యూఎస్‌బీ 2.0 డ్రైవర్ లోపం. ఏదైనా యూఎస్‌బీ పరికరం తగిలించి ఉంటే డ్రైవర్ ఊరికే తట్టి లేపుతూ ఉండేది, ప్రాసెసర్ లోతైన నిద్రలోకి పోయేది కాదు. మైక్రోసాఫ్ట్ కూడా దాన్ని ఒప్పుకుంది. నేను అప్పటి నుంచి బ్యాటరీ మీద ఉన్నప్పుడు పెన్ డ్రైవ్, మౌస్ తీసేసేవాడిని.

షాపుల్లో చెప్పే మాటలు ఇంకో గొడవ. సికింద్రాబాద్ సీటీసీలో ఒక షాపులో మా ఫ్రెండ్‌కి "1.6 రెండున్నాయి కాబట్టి 3.2 గిగాహెర్ట్జ్" అని చెప్పి అమ్మారు. 2007లో పెంటియమ్ డ్యూయల్ కోర్ అని టీ2060, టీ2080 వచ్చాయి. అదీ యోనాయే, కాకపోతే క్యాష్ 1 ఎంబీకి తగ్గించి, బస్ 533కి దించి చవకగా అమ్మారు. కోర్ డ్యూయో, కోర్ 2 డ్యూయో, పెంటియమ్ డ్యూయల్ కోర్, ఈ మూడూ ఒకటే అనుకుని కొన్నవాళ్లు చాలామంది. మన దగ్గర మధ్యతరగతి ఇళ్లలోకి ఇంజినీరింగ్ పిల్లల కోసం వచ్చిన మొదటి ల్యాప్‌టాప్ చాలాసార్లు ఆ చవక రకమే. దాన్ని చిన్నచూపు చూడకండి, సీ ప్రోగ్రాములు, జావా నేర్చుకోవడానికి అది చక్కగా సరిపోయింది.

గోదారి_గట్టు · సోమవారం, ఉదయం 11:25

మీరంతా చిప్‌ని ఆకాశానికి ఎత్తేస్తున్నారు. నా అనుభవంలో ఆ కాలం ల్యాప్‌టాప్‌కి అసలు జబ్బు ర్యామ్, హార్డ్ డిస్క్. 512 ఎంబీ ర్యామ్ ఇచ్చి 2007లో విండోస్ విస్టా వేసి అమ్మారు. నిమిషానికి 5400 తిరుగుళ్ల డిస్క్ లోపల గరగరమంటూనే ఉండేది. రెండు కోర్లూ డిస్క్ కోసం ఎదురుచూడటమే వాటి పని. నేను 512 తీసేసి 2 జీబీ వేయించాక వచ్చిన తేడా, సింగిల్ కోర్ నుంచి డ్యూయల్ కోర్‌కి మారినప్పుడు రాలేదు. 2006లో డబ్బు తక్కువున్న వాడికి నేనిచ్చే సలహా ఒకటే: చిప్ ఒక మెట్టు కిందది తీసుకో, ర్యామ్ రెట్టింపు చేయించుకో.

సిలికాన్_గడప · సోమవారం, రాత్రి 9:00

గట్టు గారి సలహా నూటికి నూరు శాతం నిజం. కొనేవాడి లెక్క అదే ఉండాలి.

నేను చెప్పేది కొనుగోలు గురించి కాదు, పరిశ్రమ ఏ దిక్కుకు తిరిగిందన్న దాని గురించి. యోనా వచ్చిన ఆరు నెలలకే, 2006 జూలై 27న కోర్ 2 డ్యూయో వచ్చింది. ల్యాప్‌టాప్‌కి మెరోమ్, డెస్క్‌టాప్‌కి కాన్రో. రెండూ హైఫా వాళ్ల దారిలో వచ్చినవే, 64 బిట్‌తో సహా. అంతకు ముందు డెస్క్‌టాప్ కోసం చేసిన చిప్‌ని కుదించి ల్యాప్‌టాప్‌లో పెట్టేవాళ్లు. ఇప్పుడు ల్యాప్‌టాప్ కోసం పెరిగిన డిజైన్ డెస్క్‌టాప్‌కి వెళ్లింది. 65 వాట్ల 2.4 గిగాహెర్ట్జ్ ఈ6600, చాలా పరీక్షల్లో 130 వాట్ల 3.73 గిగాహెర్ట్జ్ పెంటియమ్ ఎక్స్‌ట్రీమ్ ఎడిషన్‌ని ఓడించింది. తేజా, నీ సెమినార్‌కి నేనైతే ఈ ఒక్క పోలికనే మధ్యలో పెడతాను. వాట్లు సగం, గిగాహెర్ట్జ్ మూడింట రెండొంతులు, అయినా గెలుపు.

బడి_మాస్టారు · మంగళవారం, ఉదయం 6:50

చర్చ చాలా బాగుంది. మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా బడికి ఒక దాత పాత థింక్‌ప్యాడ్ టీ60 ఇచ్చారు, కోర్ డ్యూయో టీ2400, 1 జీబీ ర్యామ్. పిల్లలు తెలుగులో టైప్ చేయడం నేర్చుకోవడానికి వాడదామని ఉబుంటు (ఉచిత లైనక్స్) పెన్ డ్రైవ్ పెడితే, ఈ సీపీయూకి ఈ కెర్నల్ సరిపడదని చెప్పి ఆగిపోతోంది. దారేమైనా ఉందా?

పాత_ఇనుము_బెజవాడ · మంగళవారం, ఉదయం 10:15

మాస్టారూ, ఏఎండీ అభిమాని గారు పైన చెప్పిన సంగతే ఇది. మీది 32 బిట్ చిప్. ఉబుంటు 32 బిట్ డెస్క్‌టాప్ ఇవ్వడం 2017లోనే మానేసింది. డెబియన్ అనే మరో లైనక్స్‌లో 12 వరకు 32 బిట్ ఇన్‌స్టాలర్ ఉంది, 2025లో వచ్చిన 13లో తీసేశారు. ఇప్పటికిప్పుడు కావాలంటే డెబియన్ 12, ఐ386 (32 బిట్) ఇన్‌స్టాలర్ దించుకోండి. డెస్క్‌టాప్ అడిగినప్పుడు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ ఎల్‌ఎక్స్‌క్యూటీ గానీ ఎంచుకోండి. లిబ్రే ఆఫీస్‌లో తెలుగు టైపింగ్‌కి ఇబ్బంది ఉండదు. నెట్‌కి మాత్రం దాన్ని నమ్ముకోకండి, ఇప్పటి వెబ్ పేజీలకు 1 జీబీ చాలదు.

మీ అదృష్టం ఏంటంటే టీ60లో చిప్ బోర్డుకి అతికించి ఉండదు, సాకెట్‌లో ఉంటుంది. అదే సాకెట్‌లో మొదటి తరం కోర్ 2 డ్యూయో కూర్చుంటుంది. అది వేస్తే 64 బిట్ అయిపోతుంది, కొత్త లైనక్స్‌లలో చాలావరకు ఎక్కుతాయి. గవర్నర్‌పేటలో పాత బోర్డుల మీద నుంచి తీసినవి దొరుకుతుంటాయి.

తెనాలి_తేజ · మంగళవారం, మధ్యాహ్నం 12:40

సిలికాన్ గారూ, ఇంకొక్క ప్రశ్న. తక్కువ పవర్ కోసం చేసిన డిజైన్ పైకి ఎక్కడం ఆ ఒక్కసారేనా, మళ్లీ ఎప్పుడైనా జరిగిందా?

సిలికాన్_గడప · మంగళవారం, రాత్రి 8:35

జరిగింది. 2020 నవంబరులో యాపిల్ ఎం1 చూడు. అది ఐఫోన్ ఏ14 చిప్ కుటుంబానికి చెందినది. వేగం కోసం నాలుగు కోర్లు, పొదుపు కోసం నాలుగు. ఫోన్ బ్యాటరీ కోసం పదేళ్లకు పైగా వాట్లు లెక్కపెట్టుకుంటూ పెరిగిన డిజైన్, ల్యాప్‌టాప్‌లోకి వచ్చి ఇంటెల్ చిప్‌ల స్థానం తీసుకుంది. మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1లో ఫ్యానే లేదు. 2021లో ఇంటెల్ కూడా 12వ తరంలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిపింది. ఆ చిన్న కోర్లు నెట్‌బుక్‌ల కోసం మొదలైన ఆటమ్ వంశంవి. 2006లో గెలిచిన కంపెనీయే 2020లో అదే పద్ధతిలో దెబ్బ తింది.

ఏఎండీ_అభిమాని · మంగళవారం, రాత్రి 9:10

ఈ మాటకు నేను కూడా ఓటేస్తాను. తేజా, సెమినార్ అయ్యాక స్లైడ్లు ఇక్కడ పెట్టు.

బడి_మాస్టారు · బుధవారం, ఉదయం 7:05

పాత ఇనుము గారూ, చిప్ మార్చే ధైర్యం చేద్దామనుకుంటున్నాం. ఏ మోడల్ అడగాలి? జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

పాత_ఇనుము_బెజవాడ · బుధవారం, ఉదయం 9:30

టీ5500, టీ5600, టీ7200, ఈ మూడింట్లో ఏది దొరికినా సరే. టీ7200 దొరికితే మేలు, 2 గిగాహెర్ట్జ్, 4 ఎంబీ క్యాష్. టీ7300, టీ7500 తీసుకోకండి, వాటి సాకెట్ వేరు, 800 బస్.

అన్నిటికంటే ముందు, పాత చిప్ లోపల ఉండగానే బయాస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ చేయండి. పాత బయాస్ కొత్త చిప్‌ని గుర్తుపట్టకపోతే బూట్ అవదు, అప్పుడు మళ్లీ పాతది పెట్టాల్సి వస్తుంది. బ్యాటరీ తీసేసి పని మొదలుపెట్టండి. హీట్ సింక్ ఎత్తాక ఎండిపోయిన పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బియ్యపు గింజంత పెట్టండి. ర్యామ్ డీడీఆర్2 ల్యాప్‌టాప్ రకం, 2 జీబీవి రెండు వేసినా చిప్‌సెట్ 3 జీబీ చిల్లరే చూపిస్తుంది. కాబట్టి 2 జీబీ ఒకటి, 1 జీబీ ఒకటి వేస్తే చాలు. డిస్క్‌కి బదులు చిన్న సాటా ఎస్ఎస్‌డీ పెట్టించండి, గోదారి గట్టు గారి జబ్బు కూడా పోతుంది. బెజవాడ దగ్గర్లో ఉంటే మెషీన్ తీసుకురండి, బడి పిల్లల కోసం కాబట్టి పని కూలి నేను తీసుకోను.